సక్కుబాయి ఇంటి తానం బండ

పొయ్యి వెలిగించే ముందు సక్కుబాయి రోజూ వెనక వాకిట్లో నిలబడి పక్క ప్లాటు వైపు చూస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ గోడ ఎన్ని వరసలు లేచిందో చూసుకుని లోపలికి వస్తుంది. ఆ లేచే ప్రహరీ ఆమెది కాదు, అక్కడ ఆమెకు పనీ లేదు. కానీ ఆ గోడ పూర్తయ్యేలోగా మామ లింగం స్నానానికి ఒక చోటు దొరకాలి.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు దిగి లోపలికి వస్తే వాళ్ల కాలనీ. వంద గజాల ఇల్లు. భర్త కొండల్ బస్సు డిపోలో మెకానిక్కు. కూతురు రమ డిగ్రీ చదువుతోంది. లింగం డెబ్బై దాటినవాడు, జీవితమంతా పెద్దచెరువు మీద చేపలు పట్టి బతికినవాడు. ఇప్పటికీ వీలున్న రోజు తెప్ప వేసుకుని వెళ్లి వల విసిరి వస్తాడు. చేపల వాసనతో మాత్రం ఇంట్లో అడుగుపెట్టడు. ఇంటి వెనక బోరు నల్లా కింద ఒక పెద్ద నల్లబండ ఉంది. దాని మీద కూర్చుని, చెంబుతో నీళ్లు పోసుకుని, బట్ట మార్చుకున్నాకే లోపలికి వస్తాడు. ఆ బండ పాత ఇంటిది. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు ఆయన నోరు తెరిచి అడిగి తీసుకున్నది అదొక్కటే.

ఇంట్లో బాత్రూం లేక కాదు. నిగనిగలాడే టైల్సు, ఒక మూల కమోడు, పైన షవరు అన్నీ ఉన్నాయి. రెండేళ్ల కింద ఒక వానపొద్దున కొడుకు పోరు పడలేక ఆయన అందులో స్నానానికి వెళ్లి, జారిపడి, మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో కట్టు వేయించుకుని వచ్చిన రోజు నుంచి మళ్లీ వెనక బండ మీదే స్నానం. పక్క ప్లాటంతా సర్కారు తుమ్మలు కాబట్టి ఇన్నాళ్లూ చూసేవాళ్లూ లేరు, అడిగేవాళ్లూ లేరు.

ఆ ప్లాటు కొన్న లీదియా స్కూలు టీచరు. ఇల్లు కట్టడం చివరికొచ్చి, ప్రహరీ హద్దుకు దారం కట్టిన రోజు తేలిందేమిటంటే, నల్లబండ సగం వాళ్ల స్థలంలో ఉంది. లీదియా గొడవ చేయలేదు. సక్కుబాయిని పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది.

"అక్కా, తాతను ఏమన్నట్టు కాదు. మా వంటింటి కిటికీ సరిగ్గ ఈడికే వస్తది. పొద్దుగాల నేను చాయ్ పెట్టుకుంట నిలబడితే ఆయన ఎదురుంగ కూసోని ఉంటడు. ఆయనకూ ఇబ్బందే గదా."

"నువ్వు చెప్పిందాంట్ల తప్పేం లేదు టీచరమ్మా. జర టైమియ్యి," అంది సక్కుబాయి.

"నెలాఖరు శనివారం కొత్తింట్ల చేరే ప్రార్థన పెట్టుకున్నం. అప్పటిదాంక మీ ఇష్టం."

ప్రహరీ లేచాక వీళ్లకు వెనక మిగిలేది రెండున్నర అడుగుల సందు. మనిషి నడవొచ్చు, అంతే. బండే మూడడుగులు. లింగం మాత్రం నిమ్మళంగా ఉన్నాడు.

"గింత దానికి ఫికరెందుకు? చెరువున్నది గదా. ఆడ్నే మునిగొస్త."

"ఒక కంటికి పొర వచ్చె మామా. మెట్లు పాచి పట్టి ఉన్నయ్. చెరువు నిండుగున్నది."

"నీళ్లల్లనే పెరిగినోన్ని. నన్ను నీళ్లేం చేస్తయ్?"

ఆ మాట విన్నప్పటి నుంచి సక్కుబాయికి నిద్ర తగ్గింది. ఆయన తెప్ప మీద వెళ్తే పక్కన ఇంకొకరు ఉంటారు. తెల్లవారుజామున ఒంటరిగా మెట్లు దిగి, సబ్బు రుద్దుకుని, కళ్లు మూసుకుని మునిగే ముసలాయన సంగతి వేరు. కొండల్‌తో అంటే అతను ఫోను మీంచి తల ఎత్తలేదు.

"రబ్బరు చాప కొనుక్కొచ్చి బాత్రూంల వెయ్యి. అయిపోతది."

"సబ్బు నీళ్లు పడ్డంక చాప నీ అయ్యను ఎక్కించుకుని దర్వాజ దాంక పోతది. అప్పుడు నువ్వు మల్ల దవాఖానకు సెలవు పెడ్తవ్."

సక్కుబాయి పుట్టింది అబ్దుల్లాపూర్‌మెట్ పక్క పల్లెలో. చదివింది ఏడో తరగతి. పదేళ్లుగా ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ మెస్‌లో వంట చేస్తోంది. అక్కడ పిల్లలు వంట ఎలా ఉందంటే బాగుందనే అంటారు, చెప్పి గొడవెందుకని. ఆమె వాళ్ల నోటిని నమ్మదు. తిని వదిలేసిన పళ్లేలు చూస్తుంది. వంకాయ ఎవరు పక్కకు తోశారు, పప్పు ఎన్ని పళ్లేల్లో గడ్డకట్టి ఉంది అన్నది చూసి మర్నాటి కూర మార్చేస్తుంది. ఈ అలవాటు గురించి ఆమె గొప్పగా చెప్పుకోదు. మెస్ మేనేజరు మాత్రం చెప్పుకుంటాడు.

బాత్రూం నేలకు జారని టైల్సు వేయడానికి దుకాణంలో కూలీతో కలిపి నలభై ఐదు వేలు అన్నారు. ఆమె దగ్గరున్నది దసరా సెలవుల్లో అదనపు డ్యూటీ చేసిన పదహారు వేలు. దుకాణం నుంచి ఉత్త చేతులతో వచ్చిన సాయంత్రం రమ ఫోనులో ఒక వీడియో చూపించింది. గరుకు రాతినేల, ఎర్రటి గోడ, పాతకాలం తలుపు, మూలన ఇత్తడి గంగాళం. ఏదో పెద్ద ఫాంహౌస్ బాత్రూం అది.

"దీన్ని రస్టిక్ అంటరమ్మా. పల్లెటూరి లెక్క కనపడాలని లక్షలు పెట్టి చేపిచ్చుకుంటరు."

సక్కుబాయి రెండోసారి కూడా చూసింది. "లక్షలెందుకే? గంగాళం మన అటక మీదున్నది. బండ వెనకున్నది. మిగిలింది గోడనే గదా."

మర్నాడే మేస్త్రీ బాలనర్సింహను పిలిపించింది. అతను టైల్సన్నీ పెళ్లగించాడు. కొత్తగా వేయడానికి షాబాద్ బండలు తెప్పించారు. అవి ఒక పక్క నున్నగా, ఒక పక్క గరుకుగా ఉంటాయి. బాలనర్సింహ అలవాటుగా నున్నటి పక్క పైకి పెట్టి మొదటి బండ పరిచాడు. సక్కుబాయి వచ్చి చూసింది.

"అన్నా, తిరగెయ్యి."

"ఏంది తిరగేసేది? మొఖం గిదే."

"నాకు ఈపు కావాలె. గరుకుది మీదికి రానీ."

"ఎవలన్న చూస్తే బాలనర్సింహకు బండ ఏది మీదో ఏది కిందో తెల్వదంటరు చెల్లె. నాకు ఈ కాలనీల ఇంకా నాలుగిండ్ల పని ఉన్నది."

"నేనే తిరగేపిచ్చిన అని బోర్డు రాసి పెడ్త తీయ్."

అతను గొణుగుతూనే తిరగేశాడు. ఇంట్లో నల్లా తిప్పి నీళ్లు పోసి, తడి కాలితో నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాక గొణుగుడు ఆగింది. గోడకు నడుమెత్తు వరకు ఎర్ర ఆక్సైడ్ కలిపిన సిమెంటు పూశాడు, ఆపైన సున్నం. సాగర్ రోడ్డు మీద కూల్చిన ఇళ్ల సామాను అమ్మే చోట సక్కుబాయి ఒక పాత టేకు తలుపు బేరం చేసి తెచ్చింది. రెండు రెక్కల్లో ఒకదానికి మడతబందు లేదు. కొండల్ డిపోలో తెలిసినవాళ్లతో బందు చేయించి బిగించాడు. అటక మీది గంగాళం చింతపండుతో తోమితే బంగారంలా వచ్చింది. వల ఆరేసే వెదురును తువ్వాళ్లకు దండెంగా కట్టారు. చివరికి డిపో నుంచి ఇద్దరిని పిలిచి, ఇనుప పైపుల మీద దొర్లించుకుంటూ లింగం నల్లబండను లోపలికి తెచ్చి నేల మధ్య దించారు.

లింగం వచ్చి చూశాడు. కాలితో నేల తడిమాడు. బండ మీద చెయ్యి వేసి, "మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని చెరువుకు వెళ్లిపోయాడు.

కొండల్‌కు కోపం వచ్చింది. "ఆయనకు మొండి. పదహారు వేలు బండలపాలు చేసినవ్." సక్కుబాయికి కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. లింగం తడి తువ్వాలుతో తిరిగి వచ్చేదాకా వాకిట్లోనే నిలబడింది. ఆ రోజు మెస్‌లో పళ్లేలు తోమించేటప్పుడు కూడా ఆలోచన దాని మీదే. నేల బాగుందన్నాడు. బండ ఆయనదే. మరి తిననిది ఏది?

ఇంటికి వచ్చి బాత్రూంలోకి వెళ్లి చూసింది. గూట్లో పళ్ల బ్రష్షులు నాలుగు ఉండాల్సింది మూడే ఉన్నాయి. సబ్బులూ ముగ్గురివే. లింగం సబ్బుపెట్టె బయట వెనక గోడ మీద, చెంబు పక్కన ఉంది. ఎప్పుడూ అక్కడే ఉండేది. పాయఖానకు ఆయన లోపలికే వెళ్తాడు, పదేళ్లుగా వెళ్తున్నాడు. కానీ ఒంటికి తాకే వస్తువు ఒక్కటీ ఆ గదిలో పెట్టలేదు.

లింగం గడప దగ్గర కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. ఆమె వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"మామా, నీ సబ్బు లోపలెందుకు పెడ్తలేవ్?"

"ఆడెందుకు? ఈడ మంచిగనే ఉన్నది."

"బండ జారుతదా ఇంకా?"

"జారది. మంచిగున్నది."

"మరేంది?"

లింగం దారం పళ్లతో కొరికి ముడి వేశాడు. "కోడలివి. నీతోని గవన్నీ ఏం చెప్పాలె?"

"నీ కొడుకు అడగడు. నేను అడుగుతున్న. చెప్పు."

"దొడ్డికి కూసునేది ఆడనే. ఒంటికి నీళ్లు పోసుకునేది ఆడనే." ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ నీళ్లు, ఈ నీళ్లు ఒక్క మోరిలకే పాయె. అసొంటి కాడ తానం చేసొచ్చి దేవునికి దండమెట్ల పెట్టాలె? నాకు మనసొప్పది. మీకు ఒప్పుతది, చేసుకోండ్రి. నేనేమన్న అన్ననా?"

"ఇల్లు కట్టి పదేండ్లాయె. ఎన్నడన్న చెప్పినవా?"

"ఎన్నడన్న అడిగినవా?"

సక్కుబాయి లేచి బాలనర్సింహకు ఫోను చేసింది. శనివారానికి ఇంకా వారం ఉంది.

గదిని రెండుగా చేయాలి. ఇటుక గోడ కడితే కమోడు దగ్గర మోకాళ్లు గోడకు తగులుతాయని మేస్త్రీ అన్నాడు. మిగిలిన షాబాద్ బండలు బయట గోడకు ఆనించి ఉన్నాయి. సక్కుబాయి వాటివైపు చూపించింది.

"పరిచినట్టే నిలబెట్టరాదా? పొలాల కాడ కంచెకు బండలు పాతుతరు గదా, గట్ల."

బాలనర్సింహ ఒక బండను నిలబెట్టి, ఇటు తిరిగి అటు తిరిగి చూశాడు. "రెండించులు గూడ పోదు జాగ. నువ్వు మెస్‌ల వంట బంద్ చేసి నా ఎంబడి రా చెల్లె."

"నువ్విచ్చే కూలికి నేను రాను."

బండలు వరసగా పాతి, సందులు సిమెంటుతో మూసి, తల మించిన ఎత్తు వరకు రెండు వరసలు లేపారు. స్నానపు నీళ్లకు వేరే పైపు వేసి వెనక మోరిలోకి తిప్పారు. ఇంటి వైపు తలుపు పాయఖానకు మిగిలింది. స్నానపు భాగానికి వెనక గోడ కొట్టి, సందులోంచి దారి పెట్టాలని సక్కుబాయి అంది. గోడ కొట్టడమనగానే కొండల్ గాబరా పడ్డాడు.

"ఇల్లు కూలగొడ్తవా ఏంది?"

"పిల్లర్ల ఇల్లు అన్నా ఇది, గోడ తీస్తే ఏం గాదు," అని బాలనర్సింహ అన్నాక అతను పక్కకు తప్పుకున్నాడు. బందు బిగించిన టేకు తలుపును ఇంటి వైపు నుంచి తీసి సందు వైపు పెట్టారు. ముందు తీసేసిన పాత ప్లాస్టిక్ తలుపు తిరిగి పాయఖానకు వచ్చింది. ఈ రెండో విడత ఖర్చు కోసం సక్కుబాయి ఎవరినీ అడగలేదు. కొండలే జీతంలోంచి ఇచ్చాడు.

శుక్రవారం సాయంత్రం పని ముగిసింది.

శనివారం పొద్దున లీదియా ఇంట్లో కుర్చీలు దించుతున్న చప్పుడు వినబడుతోంది. సక్కుబాయి వాకిట్లోకి వచ్చేసరికి లింగం అప్పటికే చెరువు నుంచి వచ్చాడు. చేపల సంచి సందు మొదట్లో దించి, వెనక గోడ మీది సబ్బుపెట్టె, చెంబు తీసుకుని టేకు తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. గడియ పడింది. గంగాళంలో చెంబు మునిగింది. బండ మీద నీళ్లు పడిన చప్పుడు సందు దాకా వచ్చింది.

సక్కుబాయి తన బట్టలు, తువ్వాలు పట్టుకుని తలుపు బయట నిలబడింది. ఇప్పుడు ఇంట్లో స్నానానికి అదొక్కటే చోటు. ఒక గంగాళం అయిపోయింది. మళ్లీ నల్లా తిప్పిన చప్పుడు. చెంబు, నీళ్లు, చెంబు, నీళ్లు.

"మామా! చెరువంత పోసుకుంటున్నవా ఏంది? నాకు బస్సు పోతది!"

"ఆగు బిడ్డా. ఈపు మిగిలింది."

పక్క వంటింటి కిటికీలోంచి లీదియా నవ్వు వినబడింది. అక్కణ్నుంచి ఆమెకు ఇప్పుడు కనిపించేది ప్రహరీ, సందు చివర సక్కుబాయి తల.

"ప్రార్థనకు వస్తవా అక్కా?"

"ముందు నా తానం గానియ్యి టీచరమ్మా!"

ఏడింటి బస్సు వెళ్లిపోయింది. సక్కుబాయి ఏడున్నర బస్సెక్కి మెస్ చేరేసరికి ఆ పూట ఉప్మా ఇంకొకరు చేసేశారు. పళ్లేల్లో చాలా మిగిలింది.