అన్న కిన్నెరలో జీర

ఆ క్యాసెట్ బాగుంటుంది. ముందే చెబుతున్నాను, లేకపోతే నా కోపాన్ని కుళ్లు అనుకుంటారు. అందులో మా అన్న కిన్నెర ఉంది, ఎవరిదో మోర్సింగ్, నీళ్లు పోసిన మట్టికుండలు, గవ్వలు కట్టిన కర్ర ఉన్నాయి. పాట ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. వింటుంటే జ్వరంలో ఇంటి వాసాలు మెల్లగా కదిలినట్టు ఉంటుంది.

గుమ్మడిదల దగ్గరి మా పుట్టింటికి పట్నం వాళ్లు వచ్చి, అన్న వాయిస్తుంటే రికార్డు చేసుకుపోయారు. క్యాసెట్ పోస్టులో రాగానే అన్న దాన్ని బీరంగూడలో నా కిరాయి ఇంటికి తెచ్చాడు. నలభై దాటాక అక్షరాలు దిద్దిన నేనే మా ఇంట్లో చదువుకున్నదాన్ని.

"సదువు చెల్లె, ఏం రాసిండ్రో."

కూడబలుక్కుని అట్ట మీది మాటలు చదివాను. 'కిన్నెరలోని ఈ జీర అడవితల్లి ఊపిరి' అని ఉంది.

అన్న పడిపడి నవ్వాడు. "అడవి లేదు, ఏం లేదు. కిన్నెర సొరబుర్ర పలిగింది. మైనం పెట్టి అతికిచ్చిన."

"గా ముచ్చట ఆళ్లకు చెప్పలేదా?"

"చెప్పిన. గదే మస్తుగున్నది, బాగు చెయ్యకు అన్నరు."

నాకు నవ్వు రాలేదు. కిన్నెరకు మూడు సొరబుర్రలు కావాలి. అందుకు పెట్టిన తీగ కాయను మా ఇంట్లో కూరకు కోయరు, తీగ మీదే ఎండనిస్తారు. ఊరి పక్క ఫ్యాక్టరీ వదిలే నీళ్లు మా బావిలోకి దిగినప్పటి నుంచి కాయలు పిందెలుగా ఉండగానే కుళ్లిపోతున్నాయి. అంగడి కాయలు పల్చన, నాదం పలకవు. ఆ పగులు ఇంకాస్త పెరిగితే కిన్నెర అటకెక్కాల్సిందే.

కొన్నాళ్లకు, రెండో క్యాసెట్ చేద్దాం, ఆ పాత బుర్రతోనే రమ్మని ఉత్తరం వచ్చింది. జవాబు నన్ను రాయమన్నాడు అన్న. నేను రాసిన మొదటి ఉత్తరం అదే.

'అయ్యా, అది అడవి కాదు. పగిలిన బుర్ర. మా బావి నీళ్లకు సొరతీగ చస్తున్నది. ముందు వచ్చి ఆ నీళ్లు ఒక గ్లాసు తాగండి. తర్వాత మా అన్న వాయిస్తాడు.'

చదివి వినిపిస్తే అన్న తల గోక్కున్నాడు. "జెర మర్యాదగ రాయరాదె. మల్ల పిలువరు."

"అయ్యా అని రాసిన గద."

అన్న కాగితాన్ని మళ్లీ నా ముందుకు జరిపాడు.

"గ్లాసు గాదు, చెంబు అని రాయి."

గ్లాసు కొట్టేసి చెంబు అని దిద్దాను. అన్న కింద వేలిముద్ర వేశాడు.