జ్ఞానానందం గారి అద్దాల పిచ్చి

గాజు కనబడితే చాలు, జ్ఞానానందం గారు దానికి టైటానియం డయాక్సైడ్ పూత పూయకుండా ఉండలేరు. రేపల్లె కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడం ఆయన ఉద్యోగం. ఎదుటివాళ్ళ కళ్ళజోళ్ళు ఊడబెరకడం ఆయన వ్యసనం. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న షారోన్‌కి చూపు బాగుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే థీసిస్ తడుముకుంటూ రాసేది.

ఒకసారి తెనాలి నుంచి రైల్లో వస్తూ పక్కసీటు పెద్దాయన్ని అడిగారు.

"ఆ కళ్ళజోడు ఒకసారి ఇస్తారాండి? పూత పూసి రేపు ఇదే రైల్లో తెచ్చిస్తాను."

ఆ పెద్దాయన మధ్యలో జంపనిలోనే దిగిపోయాడు. దిగవలసింది రేపల్లెలోనట.

ఇంట్లోనూ అంతే. డ్రెస్సింగ్ టేబుల్ అద్దానికి పూత మందమైతే భార్య ప్రేమకుమారి, "బావుందండి, పౌడర్ రాసుకోకపోయినా తెల్లగా కనబడుతున్నా" అంది. ఆవిడ కళ్ళజోడుని ఇనప ఫ్రేముతో సహా మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టిన రోజున మాత్రం లోపల మెరుపులు, బయట ఉరుములు.

షారోన్ బాధ వేరు. ద్రావణంలో ముంచిన గాజుని ఓవెన్‌లో వేడిచేసి, ఆవిరికి మసకబారని పూత సాధించాలి. గాజుపలక మీద ఆమెకి ఎప్పుడో వచ్చేసింది. సార్ ఒప్పుకోరు. కళ్ళజోడు అద్దాలే తెచ్చిస్తారు, అదీ ఎప్పుడూ ఒకే పవరువి.

"వంపు దగ్గర పెచ్చులూడిపోతోంది సార్. సోమవారం రివ్యూ. పోయిందంటే ఇంకో ఏడాది ఇక్కడే."

"పల్చగా ముంచమ్మా."

తిట్టుకుంటూనే ముంచింది. ఆదివారానికి ఒక్క జత తేటగా వచ్చింది. ఎండ తగిలితేగాని పూత పనిచేయదు కాబట్టి సోమవారం పొద్దున్నే కిటికీలో పెట్టింది. చాలాసేపటికి వచ్చి చూస్తే అద్దాలు లేవు.

"సార్ పట్టుకెళ్ళారమ్మా" అన్నాడు అటెండర్ లాజరు. "బాపట్ల నుంచి నీ రివ్యూకొచ్చారే ప్రభుదాస్ గారు, ఆయన్నీ తీసుకెళ్ళారు. గేటు దగ్గర టిఫిన్‌కి."

షారోన్‌కి ఏడుపొక్కటే తక్కువ. గేటు బయట ఇడ్లీబండి దగ్గరికి పరుగెత్తింది. ఇమాం బీ ఇడ్లీపాత్ర మూత తీయబోతోంది. ఆవిరికి కళ్ళజోడు మసకబారి, ఎక్కడ పట్టుకుంటోందో తెలియక ఆవిడ చేతులనిండా కాలిన మచ్చలే. ఆ మచ్చలు చూస్తూనే షారోన్ రోజూ టిఫిన్ చేసేది. ఇవాళ ఆవిడ ఫ్రేములో ఉన్నవి షారోన్ అద్దాలు. ఆ పవరు ఎవరిదో అప్పటికి తెలిసింది.

"మొన్న వేసవిలో చెయ్యి బాగా కాలి, బండి మానేస్తానంది" అన్నారు జ్ఞానానందం గారు గొంతు తగ్గించి. "సరాసరి ఆవిడవే తీసుకుని చెడగొడితే ఎట్లాగమ్మా? అందుకని ముందు ఊళ్ళో అందరివీ చెడగొట్టాను."

ఆయన మీద షారోన్‌కున్న కోపమంతా పోయి, ప్రేమ పుట్టుకొచ్చింది.

మూత లేచింది. గుప్పుమన్న ఆవిరికి ప్రభుదాస్ గారి కళ్ళజోడు తెల్లబడి, ఆయన చట్నీ అనుకుని మంచినీళ్ళ గ్లాసులో ఇడ్లీ ముంచారు. ఇమాం బీ మాత్రం ఎక్కడా చెయ్యి కాలకుండా రేకులు చకచకా పైకి తీసింది.

"ఈ పూత నువ్వు పూసిందేనా అమ్మా?" అడిగారు ప్రభుదాస్ గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"అవునండి."

"ఇంక నేనడిగేదేముంది. కాగితాలు తీసుకురా, సంతకం పెడతాను."

ఇమాం బీకి ఇవేమీ పట్టలేదు. రేకులోకి వంగి అదేపనిగా చూస్తోంది.

"ఏంటి సార్, ఇన్నాళ్ళూ నేనేసేది ఇంత చిన్న ఇడ్లీలా? ఒక్కళ్ళూ చెప్పలేదే."

ఆవిడ నొచ్చుకుంటూ అందరి ప్లేట్లలోనూ ఇంకో ఇడ్లీ వేసింది.