అంబాసిడర్‌లో మెటాడోర్ ఇంజను

యేసుదానం కాసిపేట బొగ్గుగనిలో కూలీగా చేరి హెడ్ ఫిట్టర్‌గా రిటైర్ అయ్యాడు. భూమి లోపల పంపులూ మోటార్లూ ఉద్యోగకాలమంతా ఆయన చెప్పినట్టు ఆడాయి. ఇంట్లో మనుషులు కూడా అలాగే ఆడాలని ఆయన పట్టు.

బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక మేనేజరు దగ్గర పాత అంబాసిడర్ కొన్నాడు. తెల్లటి మార్క్-టూ, పెట్రోలు బండి. అది గుమ్మం ముందుకొచ్చిన రోజు నుంచి ఇంట్లో ఎవరైనా దాని తర్వాతే. భార్య సుగుణమణి పొద్దున్నే లేచి దాన్ని కడిగేది. కొడుకు యేసుకుమార్ గుడ్డపెట్టి తుడిచాకే బడికి పోయేవాడు. కిడ్నీల జబ్బుతో సుగుణమణి దవాఖాన చుట్టూ తిరిగిన వానాకాలమంతా ఆటోల్లోనే తిరిగింది. బురదలోకి బండి దింపనన్నాడు యేసుదానం. ఆ చలికాలంలోనే ఆమె పోయింది.

ఆయన రిటైరయ్యాక ఇంజను నీలంపొగ వదలడం మొదలెట్టింది. గోదావరిఖని మెకానిక్కు ఎల్లన్న చెవి పెట్టి విని, పెదవి విరిచాడు.

"కాకా, ఇది మొత్తం ఇప్పాలె. సిలిండర్లకు బోరు కొట్టియ్యాలె, పిస్టన్లు, రింగులు కొత్తయి ఎయ్యాలె. గా సామాను ఇప్పుడు యాడ దొరుకుతది? నా దగ్గర తుక్కుకొచ్చిన మెటాడోర్ వ్యానుది డీజిలు ఇంజను ఉన్నది. గది కూసోబెడితే జల్దిన రోడ్డెక్కుతది. అందరు గదే చేస్తున్నరు."

"నీ గుండెకాయ తీసి దున్నపోతుది పెడితే ఊకుంటవారా?" అన్నాడు యేసుదానం.

సికింద్రాబాదులో పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించాడు. ఒక్కొక్కటే తెచ్చి, నూనెగుడ్డల్లో చుట్టి, మంచం కింద రేకుపెట్టెలో దాచాడు. అంతా సమకూరి, ఇంజను వరంగల్లుకు బోరుకు పంపాలనుకుంటుండగా పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒకేసారి పడిపోయాయి. నోరు తెరిస్తే 'బ బ' అనే చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"మాటనే రాదు. మతి మాత్రం మంచిగనే ఉన్నది. అన్నీ తెలుస్తయి ఆయనకు," అని డాక్టరు యేసుకుమార్‌తో చెప్పాడు.

యేసుకుమార్ కూడా బొగ్గు కంపెనీలోనే గుమాస్తా. తండ్రిని సెంటినరీ కాలనీలోని తన క్వార్టరుకు తెచ్చుకున్నాడు. బండిని కూడా తాడు కట్టి లాక్కొచ్చి రేకుల కింద పెట్టాడు. నడవక నడవక ఇంజను బిగుసుకుపోయింది. యేసుదానం రోజంతా గుమ్మంలో చక్రాల కుర్చీలో కూర్చుని దాన్నే చూసేవాడు. ఎడమచేత్తో ముందు రేకుపెట్టెను, తర్వాత బండిని చూపించేవాడు. "చూద్దాం తియ్యి," అనేవాడు కొడుకు. కోడలు సుజిత మాత్రం ఆయన మూతి తుడిచి, "చేపిస్తడు మామా, ఫికర్ చెయ్యకు," అనేది.

సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గుబాయిలు బందయ్యాయి, డ్యూటీలు లేవు. ఒక పొద్దున యేసుకుమార్ ఎల్లన్నను వెంటబెట్టుకొచ్చాడు. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, గొలుసు వేలాడదీసి, బానెట్ విప్పారు. యేసుదానం ముఖం వెలిగిపోయింది. ఇంజను బోరుకు పోతోంది! ఎడమచేత్తో కుర్చీని టపటపా కొట్టాడు. చొంగ గడ్డం మీదుగా కారుతున్నా నవ్వుతూనే ఉన్నాడు.

అప్పుడు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో నల్లగా జిడ్డోడుతున్న మెటాడోర్ ఇంజను ఉంది.

ఎల్లన్నకు మనసొప్పలేదు. "తమ్మీ, ఒక్క మాట. సామానంత కాక తెచ్చే పెట్టుకున్నడు. బ్లాకుకు ఎక్కడా పగులు లేదు. బోరుకు పంపితే ఇంకా ఏండ్లకేండ్లు నడుస్తది."

"నాకు ఎరుకే అన్నా."

"మరెందుకు?"

యేసుకుమార్ వచ్చి తండ్రి ముందు గొంతుక్కూర్చుని తన కుడి అరచెయ్యి చాచాడు. నడిమధ్య చర్మం ముడతపడి నున్నగా మెరుస్తోంది.

"పదో తరగతిల నీకు చెప్పకుంట బండి తీస్కపోయిన. రేడియేటర్ల నీళ్లు ఆరిపోయి ఇంజను మసిలింది. దానికెంత కాలిందో నీకు తెల్వాలెరా అని నా చెయ్యి గా ఇంజను మీద అదిమిపెట్టినవు. అమ్మ నీ కాళ్ల మీద పడ్డా ఇడువలే. యాదికున్నదా నాయినా?"

యేసుదానానికి గుర్తుంది. అది తప్పని ఆనాడు అనిపించలేదు, ఇప్పుడూ అనిపించలేదు. కానీ మొదటిసారి కొడుకును చూసి భయమేసింది.

పాత ఇంజను పైకి లేచి నేల మీదికి దిగింది. తానే తీసుకుపోతానని ఎల్లన్న అడిగాడు. యేసుకుమార్ ఇవ్వలేదు. లోపలి నుంచి సమ్మెట తెచ్చాడు. మొదటి దెబ్బకు పోత ఇనుము గంటలా మోగింది. తర్వాతి దెబ్బలకు చీలింది. ఎల్లన్న అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. సుజిత పరుగెత్తుకొచ్చి కుర్చీ పట్టుకుంది.

"మామ చూస్తున్నడు. లోపటికి తీస్కపోత."

"చూడనియ్యి. చూడాలనే చేస్తున్న."

రేకుపెట్టె కూడా బయటికొచ్చింది. నూనెగుడ్డలు విప్పి కొత్త పిస్టన్లను ఒక్కొక్కటే తండ్రి కళ్ల ముందు ఆడించి, ఇంజను ముక్కలు నింపిన గోనెసంచిలో పడేశాడు.

మధ్యాహ్నం అన్నం కలిపి తెచ్చినప్పుడు యేసుదానం ఉమ్మాడు. అది కొడుకు మీదికి పోనే లేదు, తన చొక్కా మీదే పడింది. యేసుకుమార్ కోప్పడలేదు. భార్యను ఆ సాయంత్రమే పుట్టింటికి పంపాడు. మర్నాటి నుంచి వేళకు అన్నం తెచ్చి, తండ్రికి కుడిపక్కన, పడిపోయిన చెయ్యి వైపు స్టూలు మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఎడమచెయ్యి అక్కడిదాకా అందదు. యేసుదానం తడిసిన లుంగీలోనే కూర్చుని, పళ్లెం మీద ఈగలను చూస్తూ గడిపాడు. రెండో రోజు సాయంత్రం కొడుకు ముద్ద చేసి చూపించాడు. ముసలాయన నోరు తెరిచాడు.

మెటాడోర్ ఇంజను బిగించాక, సుజిత తిరిగొచ్చిన ఆదివారం, ముగ్గురూ చర్చికి బయల్దేరారు. తండ్రిని ముందుసీట్లో కూర్చోబెట్టాడు యేసుకుమార్. తాళం తిప్పగానే బండి దడదడా ఊగింది. యేసుదానం చచ్చుబడ్డ కాలు దానంతటదే ఎగిరెగిరి పడింది. కాలనీ దాటాక కొడుకు అడిగాడు.

"ఎట్లున్నది నాయినా?"

యేసుదానం పెదాలు వంకర్లు పోయాయి. గొంతు గురగురలాడింది. ఏడాదిగా రాని మాట వచ్చింది.

"మంచి... గున్నది."

యేసుకుమార్ బండి పక్కకు ఆపాడు. "మల్ల చెప్పు."

"మంచిగున్నది."

చర్చిలో ఆరాధన కాగానే యేసుకుమార్ లేచి, నాయినకు మాటొచ్చిందని సాక్ష్యం చెప్పాడు. కుర్చీని ముందుకు తోసి, వంగి, ఎట్లున్నదని చెవిలో అడిగాడు. యేసుదానం అందరి ముందూ ఆ మాటే అన్నాడు. "దేవునికి స్తోత్రం" అని గుడంతా చప్పట్లు కొట్టింది. వెనక వరుసలో సుజిత ఒక్కతే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత ఆయనకు ఇంకో మాట రాలేదు. నీళ్ల అన్నం పెట్టి అడిగినా అదే, చన్నీళ్లు గుమ్మరించి అడిగినా అదే. చుట్టాలొస్తే యేసుకుమార్ పిలిచి మరీ అనిపించేవాడు. తెలంగాణ ఇంకొన్ని నెలల్లో వస్తుందనగా యేసుదానం పోయాడు.

సమాధి మీద మన్ను ఆరకముందే యేసుకుమార్ అంబాసిడర్‌ను పెళ్లిళ్లకు బండ్లు తిప్పే మంచిర్యాల మనిషికి అమ్మేశాడు. బేరం కూడా ఆడలేదు.