సరుగుడు చెట్ల కింద డ్రిల్లు

మొన్న పొద్దున నడకకని చెప్పులు వేసుకుంటుంటే మనవరాలు ఫోను చూసి, "అవ్వా, ఈ పొద్దు బయటికి పోవద్దు, గాల్లో పుప్పొడి ఎక్కువుండాదంట" అంది. నేను చెప్పు కాలికి సగం తగిలించుకుని అలాగే నిలబడిపోయాను. కంటికి కనబడని పొడి గాల్లో ఎంత ఉందో ముందే చెప్పేస్తారా! ఈ ఒక్క ముక్క నా పద్దెనిమిదో ఏట మదనపల్లెలో వేళకు ఎవరైనా చెప్పి ఉంటే నా ఉద్యోగం నాకు దక్కేది. నా ఈడు వాళ్ళకు ఆ రోజుల్లో దగ్గు అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు, తక్కినవాళ్ళ కోసం చెబుతున్నాను.

అది స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది. కలకడ దగ్గర పరాయి చేలల్లో కూలికి పోయే అమ్మానాయనలు మిషన్ హాస్టల్లో వేసి చదివిస్తే, మా ఇంట్లో నెల జీతం తెచ్చుకున్న మొదటి మనిషినయ్యాను నేను. మదనపల్లెలో ఒక ఆడపిల్లల బళ్ళో డ్రిల్లు టీచరమ్మను. చీర కుచ్చెళ్ళు బిగించి దోపుకుని, మెళ్ళో విజిలు వేసుకుని, పొద్దుటి ప్రార్థనకు ముందే పిల్లల్ని మైదానం చుట్టూ పరుగెత్తిస్తుంటే, రోడ్డున పోయే మగవాళ్ళు బండ్లాపి మరీ ముక్కున వేలేసుకునేవాళ్ళు. మా నాయన ఒకసారి వచ్చి గేటు దగ్గర నిలబడి చూసి, ఎగిరి దూకేదానికి గూడా జీతమిస్తారా అమ్మా అని నోరు తెరిచాడు. ఆ జీతం ఉంటేనే తమ్ముళ్ళిద్దరూ బడిలో ఉండేది, లేకపోతే వాళ్ళూ ఆ చేలల్లోకే. అందుకని ఆ విజిలు నాకు ప్రాణంతో సమానం.

మైదానానికి మూడు వైపులా సరుగుడు చెట్లుండేవి, ఎప్పటి దొరసానమ్మో నాటించినవి. క్రిస్మసు వెళ్ళి చలి తగ్గుముఖం పట్టగానే వాటి కొసలు గోధుమరంగుకు తిరిగి, గాలి వీచినప్పుడల్లా సన్నటి పొడి రాలేది. పిల్లల తెల్ల జాకెట్ల మీద అది పడితే దులిపేసుకునేవాళ్ళం, అంతే. అప్పుడే నాకు తుమ్ములు మొదలయ్యాయి. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి, ఒక చుట్టు పరుగెత్తేసరికి పిల్లికూతలు పట్టుకునేవి, దగ్గు వస్తే ఆగేది కాదు.

మదనపల్లెలో దగ్గుకు ఒకటే అర్థం. ఊరికి కాస్త దూరంలో క్షయ ఆసుపత్రి ఉంది కదా, ఆ దారిన పోయేటప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం అందరికీ అలవాటు. ఆ జబ్బు మనుషులు మా ఊరి గాలి కోసమే ఎక్కడెక్కడినుంచో రైలెక్కి వచ్చేవాళ్ళు, అందుకని ఊపిరితిత్తులకు గాలిని మించిన మందు లేదని మా ఊరివాళ్ళందరి నమ్మకం. మా హెడ్మిస్ట్రెసమ్మ చాలా మంచి మనిషి, నన్ను తరిమెయ్యకుండా వైద్యం మొదలుపెట్టింది. వైద్యమంటే ఏమిటనుకున్నారు? నా మంచం తీయించి ఆ సరుగుడు చెట్ల కిందే వేయించి, పొద్దునా సాయంత్రమూ డ్రిల్లు ఇంకాస్త ఎక్కువ చేసి, గుండెల నిండా గాలి పీల్చుకోమంది! పీల్చాను. ఎంత పీలిస్తే అంత చచ్చేదాన్ని.

అంతకంటే నన్ను దిగ్భ్రమలో పడేసింది కుట్టు టీచరమ్మ. కుప్పం వైపు మనిషి, నాకంటే కొంచెం పెద్దది, ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. నేను అక్కా అనేదాన్ని. నా తల దువ్వి జడ వేసేది, ఒకే కంచంలో తినేవాళ్ళం. మంచం చెట్ల కిందికి పోకముందే ఒకరోజు గదిలోకి వెళ్ళి చూస్తే, తన కంచం, చెంబు తీసుకుపోయి కిటికీలో వేరేగా పెట్టుకుంది, మంచం అవతలి గోడకు జరుపుకుంది. నాతో మాట్లాడాలన్నా నోటికి కొంగు అడ్డం. పక్కనుండే అక్కే దూరం జరిగిందంటే ఇంక అనుమానమేముందని తక్కిన టీచర్లు తేల్చేశారు.

ఒకనాడు డ్రిల్లు మధ్యలో నాకు ఊపిరాడక మైదానంలో కూలబడిపోయాను. తలెత్తి చూస్తే, అంతదాకా నా చేతులు పట్టుకుని వేలాడిన పిల్లలు పావడాలు ముక్కులకు అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి పోతున్నారు. ఒక్కరు కూడా దగ్గరికి రాలేదు.

నన్ను ఆ క్షయ ఆసుపత్రికే తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించి చూసి, నీ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, అది చెట్ల పూల పొడి పడకపోవడం, చెట్లకు దూరంగా ఉంటే చాలునని నవ్వింది. నేను సంబరంగా తిరిగొచ్చాను. ఎంత పిచ్చిదాన్ని! డాక్టరమ్మ ఏమందో ఎవరూ అడగనే లేదు. నేను ఆ ఆసుపత్రి గేటు లోపలికి పోయొచ్చాను, అది చాలు వాళ్ళకు. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోతున్నారని హెడ్మిస్ట్రెసమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని నా విజిలు తీసుకుంది.

ఆమే దయతలచి కుప్పంలో ఒక చిన్న బళ్ళో పసిపిల్లలకు అక్షరాలు దిద్దించే పలకల క్లాసు ఇప్పించింది. జీతం తక్కువ, పెద్ద తమ్ముడు బడి మానేశాడు. నేను బస్సెక్కేరోజు అక్క గడప దిగలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడింది. నేను తలతిప్పుకుని వచ్చేశాను. పుంగనూరు చేరేసరికి ఊపిరి హాయిగా ఆడుతోంది, కోపంతో ఏడుపు మాత్రం ఆగలేదు.

మరుసటి ఏడు కుప్పంలో, ఆదివారం చర్చిలో ఆరాధనయ్యాక అక్క చెల్లెలు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "మా అక్క పోయిందమ్మా" అంది. నేను అయ్యో అనేలోపే, "దానికి శానా ముందునించే దగ్గులో రక్తం పడతా ఉణ్ణిందంట. నీకు యాడ అంటుకుంటాదో అని కంచం, మంచం దూరం పెట్టుకుంటినని చెప్పి ఏడ్సింది. ఆసుపత్రికి యాల పోలేదే అంటే, ఏ జబ్బూ లేని ఆ పిల్లనే ఎల్లగొట్టినారు, నన్నుంచుతారా అనింది" అని చెప్పింది. ఆ పిల్ల వెళ్ళిపోయినా నేను చర్చి మెట్ల మీదే కూర్చుండిపోయాను.

అక్క నన్ను కాపాడింది. నా తుమ్ముల చాటున తనూ దాక్కుంది. రెండూ నిజమే, ఏది ఎక్కువో తేల్చుకోవడం ఈ వయసుకు కూడా నాకు చేతకాలేదు. ఆ జబ్బుకు మందొచ్చిందని అప్పటికే పట్నాల్లో చెప్పుకునేవాళ్ళు గాని మాలాంటివాళ్ళ దాకా రాలేదు. ఇప్పుడు వీధి చివర ఆసుపత్రిలో మాత్రలు ఊరికే ఇస్తున్నారు. జనం కూడా నాకు ఫలానాది పడదు, ఫలానా జబ్బుందని పెళ్ళిభోజనాల దగ్గర సైతం గట్టిగా చెప్పుకుంటున్నారు, విని ముచ్చటపడుతుంటాను. మా రోజుల్లో ఏ రోగమూ లేని నన్ను చూసి ఊరంతా పారిపోయింది, పక్కనే రక్తం కక్కుకుంటున్న అక్క దగ్గర నిశ్చింతగా కూర్చుని పిల్లలంతా కుట్లు నేర్చుకున్నారు.