మగ్గం గుంటలోంచి లేవని అల్లుడు

ఈ పత్రికవాళ్ళు వృత్తి అనుభవాలు వేయడం మొదలుపెట్టి చాలాకాలమైంది. రంగులద్దే ఆయన రాశాడు. మిల్లులో కూలీల మీద మేస్త్రీగా, అంటే జాబరుగా, చేసి మానేసినాయన రాశాడు. టాంగా తోలే ఆయనకు రాయడం రాకపోతే ఎదురుగా కూర్చుని చెప్పించుకుని మరీ వేశారు. అందులో ఆయన గుర్రం కాలి పుండు మానిన సంగతి ఉంది. ఆ కట్టు కట్టింది నేను. నా పేరు లేదు. ఇన్నేళ్ళుగా ఈ పేటలో వైద్యం చేస్తున్నవాడికి చెప్పదగ్గ అనుభవం ఒక్కటైనా ఉంటుందని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు. ఈసారి రాస్తానన్న ఆయనెవరో మాట తప్పాడట, అందుకని నా దగ్గరికొచ్చారు. సరే, అడిగారు గనక రాస్తున్నాను. ఏ మాట తీసేసినా ఒప్పుకుంటాను గానీ చివరి పేరాలో ఒక్క అక్షరం మార్చకూడదు.

అది 1936, వానాకాలం. షోలాపూర్ సాఖర్ పేటలో మా ఇంటి ముందుగదే నా దవాఖానా. తెలంగాణా నుంచి వలస వచ్చిన మా తాత ఆ గదిలోనే గుంట మగ్గం వేశాడు. నేలలో గుంట తవ్వి ఉంటుంది. నేతగాడు దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, కింద ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. పుణెలో మెడికల్ స్కూలు చదువు ముగించుకుని వచ్చాక నేను ఆ గుంట పూడ్పించి, దానిమీద రోగులను పడుకోబెట్టే బల్ల వేయించాను. మా నాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది ఆయనకు వరుసకు తమ్ముడు నర్సయ్య కాక.

నర్సయ్య కాక నాలుగు మగ్గాల ఆసామి. చావడిలో పెద్దమనిషి. నా బోర్డు ఎక్కిన రోజున చావడిలో ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "బంగారమసొంటి గుంట పూడ్చి ఆడ సీసాలు పెట్టిండు. నాడె పట్టెటోడు నాడి పడ్తడంట!" నాడె అంటే మగ్గంలో అటూ ఇటూ పోగు నడిపే పనిముట్టు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో చెప్పగలను. ఆయన ఇంట్లో ఎవరికి దగ్గొచ్చినా మంగళవార్ పేట వైద్యుడి దగ్గరికి పోయేవారు, నా గుమ్మం ముందునుంచే.

అట్లాంటి ఇంటి నుంచి ఒక ఉదయం కాక కూతురు బాలమణి కొంగు తలమీద కప్పుకుని దవాఖానాకు వచ్చింది.

"అన్నా, కంబర్ పట్టిందానికి తైలం ఏమన్న ఉన్నదా? నాయనకు తెల్వద్దు."

"నడుముకా? ఎవరికమ్మా?"

"మీ బావకు. జరం గూడ ఉన్నది."

ఆమె భర్త అంబదాసు. తల్లీ తండ్రీ లేని పిల్లవాణ్ణి కాక ఇల్లరికం తెచ్చుకున్నాడు. తొమ్మిది గజాల చీరలు నేయడంలో చెయ్యి తిరిగినవాడు.

"పడుకున్నడా?" అన్నాను, సీసా కోసం అలమార వైపు చెయ్యి చాపుతూ.

"యాడ పండుకుంటడు? మగ్గం మీదనే ఉన్నడు. రాత్రి గూడ గుంటల కాళ్ళేస్కొని గోడకు ఒరిగిండు. పండుకుంటె నొప్పి ఎక్కువైతదంట. నాయనైతె మురిసిపోతున్నడు, ఇసొంటి అల్లుడు పేటల ఎవలికన్న ఉన్నడా అని."

చాపిన చెయ్యి వెనక్కు తీసుకున్నాను. నేను నేతగాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. మగ్గం మీద నడుము పట్టినవాడికి కూర్చుంటే నొప్పి, నేలమీద వెల్లకిలా పడుకుంటే సుఖం. ఇక్కడ తిరగబడింది. పడుకుంటే నొప్పి, గుంటలో కూర్చుంటే సుఖం. అది నడుము పట్టడం కాదు.

"అన్నం తింటున్నడా?"

"ముద్ద ముడ్తలేడు. మొన్న బొడ్డు కాడ నొప్పన్నడు, ఓసారి కక్కిండు. అది తగ్గింది. ఇప్పుడు కంబరే."

సంచీ తీసుకుని ఆమె వెనకే బయల్దేరాను. పిలవని ఇంటికి పోవడం నాకిష్టం ఉండదు. అయినా పోయాను.

సందులోకి తిరగ్గానే అన్ని ఇళ్ళ మగ్గాల చప్పుడూ ఒక్కసారి మీదపడుతుంది. అందులో కాక ఇంటి మగ్గం ఒకటి కుంటుతోంది. ఒక దెబ్బ పడ్డాక రెండోది ఆగి ఆగి పడుతోంది. లోపలికి పోయి చూస్తే కారణం కనబడింది. అంబదాసు రెండు చెక్కలనూ ఎడమకాలితోనే మార్చి మార్చి తొక్కుతున్నాడు. కుడికాలు మడిచి పొట్టకు దగ్గరగా పెట్టుకున్నాడు. మొహమంతా చెమట.

గడపలో కూర్చుని బీడీ తాగుతున్న కాక నన్ను చూసి కళ్ళెగరేశాడు. "ఏందిర డాక్టర్ సాబ్, తొవ్వ తప్పినవా?"

"బావను చూడొచ్చిన కాకా."

"చూడు. మంచిగ చూసి నేర్చుకో. జరమొచ్చినా మగ్గం దిగలే నా అల్లుడు. నువ్వు తాత గుంటనే పూడ్చినవ్."

అంబదాసు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఏం లేదు బావా, కంబర్ జరంత పట్టింది. ఈ చీర దించి పండుకుంట" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడు గానీ చూపు మామ మీద ఉంది. అంత పొగిడిన తర్వాత నొప్పి ఉందని ఎలా చెబుతాడు? ఇల్లరికపు అల్లుడికి పొగడ్త కూడా ఒక బరువే. పేట పేటంతా వాడి కష్టాన్ని మెచ్చుకుంటోంది. అది కష్టం కాదు, రోగమే వాణ్ణి ఆ గుంటలో కూర్చోబెట్టిందని ఎవరికీ తట్టలేదు.

లెమ్మంటే లేవలేకపోయాడు. బాలమణి, నేను చెరో రెక్కా పట్టి లేపాం. చాపమీద పడుకోబెడితే కుడి మోకాలు పైకి లేచే ఉంది. పొట్టమీద చెయ్యి వేసి నొక్కాను. "మెత్తగున్నది" అన్నాను.

"కడుపు మెత్తగనే ఉన్నది గద" అన్నాడు కాక. "ఆముదం తాగిపిస్త. పొద్దుగూకెవరకు అంత సాఫ్ అయితది." పక్కన చెంబులో ఆముదం సిద్ధంగా ఉంది.

ఇక్కడ కొంచెం ఆగి చదివేవారికి అసలు సంగతి చెప్పాలి. పెద్దపేగు మొదట్లో సీకమ్ అనే సంచి ఉంటుంది. దానికి తోకలా ఉండే చిన్న గొట్టం అపెండిక్స్. దాని మొదలు సీకమ్‌నే అంటుకుని ఉంటుంది. కొస మాత్రం మనిషికో తీరు. ముందువైపు ఉండి వాచిందా, కుడి పొత్తికడుపు చెక్కలా బిగుసుకుని చెయ్యి వేయనివ్వదు, ఎవరైనా గుర్తుపడతారు. కొందరిలో అది సీకమ్ వెనక దాక్కుని మూత్రపిండం వైపు పైకి పోతుంది. అప్పుడు ముందునుంచి నొక్కే చేతికి సీకమ్ దిండులా అడ్డం ఉంటుంది. కడుపు నోరు మూసుకుంటుంది, నడుము మాట్లాడుతుంది. ఆ వెనకే సోయాస్ అనే కండరం ఉంది, తొడను పైకి మడిచేది. వాపు దానికి తగులుతుంది. తొడ మడిచి ఉంచితే కండరం సడలి ప్రాణం లేచి వస్తుంది, చాపితే పోతుంది. మరి గుంట మగ్గం మీద కూర్చోవడమంటే ఏమిటి? తొడలు మడిచి కూర్చోవడమే.

మూత్రపిండంలో రాయి కావచ్చు కదా అని నాకూ అనుమానం వచ్చింది. కానీ రాయి నొప్పి మనిషిని ఒకచోట ఉండనివ్వదు, దొర్లిస్తుంది. వీడు కదలనంటున్నాడు. అడిగితే మూత్రంలో ఎర్రదనం లేదన్నాడు. అంబదాసును ఎడమపక్కకు తిప్పి, కుడి తొడ పట్టుకుని మెల్లగా వెనక్కు చాపాను. వాడు వేసిన కేకకు పక్కింటి మగ్గాలు ఆగిపోయాయి. తర్వాత నడుము పక్కన, చివరి పక్కటెముక కింద వేలితో ఒత్తాను. నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు.

నేను లేచి ఆముదం చెంబు తీసుకుపోయి వాకిట్లో పారబోశాను. వాచిన అపెండిక్స్‌కు విరేచనాల మందు పడితే పేగులు ఒత్తి అది పగులుతుంది. ఆ రోజుల్లో పగిలితే కడుపంతా చీము పట్టేది, దాన్ని ఆపే మందు మా దగ్గర లేదు.

"నా ఇంట్ల ఆముదం పారబోసెటంత మొగోడివయినవారా?" కాక లేచి నిలబడ్డాడు. సందులోవాళ్ళు వాకిట్లో గుమిగూడారు.

"కాకా, వీనికి ఇయ్యాలనే ఆపరేషన్ కావాలె. పెద్ద దవాఖానకు తీస్కపోదాం. ఆలస్యమైతె నీ బిడ్డ బొట్టు పోతది."

"కడుపు మెత్తగ ఉన్నదంటివి, మల్ల కడుపు కొయ్యాలంటున్నవ్. కోసినంక ఆడ ఏం లేకపోతె?"

"లేకపోతె నా దవాఖానల బల్ల తీసేసి, తాత గుంట మల్ల నా చేతుల్తోని తవ్వుత. అండ్ల కూసొని నీకే నేస్త."

వాకిట్లో ఎవరో "అరె వా!" అన్నారు.

"ఉంటె?" అన్నాడు కాక.

"ఉంటె చావడిల పదిమంది ముందర నువ్వు చెప్పాలె, రాజేశం డాక్టరే అని."

"చెప్త పో!"

అప్పటికీ ఆయన కదలలేదు. బాలమణి తండ్రి ముందుకు వచ్చి, "నాయనా, పందెం మీరిద్దరు తర్వాత ఆడుకోన్రి. ముందుగాల టాంగా పిలువున్రి" అంది. ఆమె అలా గట్టిగా మాట్లాడటం ఎవరూ అంతకుముందు వినలేదు. కాకే పోయి టాంగా తెచ్చాడు.

పెద్దాసుపత్రిలో సర్జన్ మరాఠీ ఆయన, తక్కువ మాటల మనిషి. నా పేరు రాజేశం అని ఎన్నిసార్లు చెప్పినా రాజారామ్ అనేవారు. పొట్ట నొక్కి చూసి పెదవి విరిచారు. "సర్, కాలు వెనక్కు చాపి చూడండి" అన్నాను. చాపి చూశారు. అంబదాసు మళ్ళీ కేక వేశాడు. సర్జన్ ఇంకేమీ అడగకుండా చేతులు కడుక్కోవడానికి పోయారు. ఆయన మీద నాకు పేరు విషయంలో తప్ప ఫిర్యాదు లేదు.

ఆ ఆసుపత్రిలో అప్పుడప్పుడు మత్తు ఇచ్చేవాణ్ణి, ఆ రోజూ అది నా పనే. క్లోరోఫామ్‌ను ముక్కుమీది గుడ్డ ముసుగు మీద చుక్క చుక్కగా వేస్తూ, ఊపిరి వింటూ, కంటిపాప చూస్తూ ఉండాలి. ఎక్కువైతే గుండె ఆగుతుంది. కడుపు తెరిచారు. సీకమ్ కనబడింది. గులాబిరంగులో, తడితడిగా, పెళ్ళికూతురిలా నిగనిగలాడుతోంది. అపెండిక్స్ ఎక్కడా లేదు. సర్జన్ తలెత్తి నా వంక చూశారు.

"రాజారామ్, ఇథే కాహీ నాహీ." ఇక్కడేమీ లేదు అని.

నేను లెక్క తప్పకుండా చుక్కలు వేస్తూనే ఉన్నాను. తప్పయితే ఈ పిల్లవాడి కడుపు ఊరికే కోయించినవాణ్ణవుతాను. "వెనక చూడండి సర్. అది వెనకే ఉంది. వాడు మగ్గం దిగలేదు" అన్నాను. ఆ చివరి మాట ఆయనకు అర్థమై ఉండదు. అయినా కోత కొంచెం పెద్దది చేసి, సీకమ్‌ను బయటివైపు పట్టి ఉంచే పొరను జాగ్రత్తగా విడదీసి, సంచిని పక్కకు ఎత్తారు.

అక్కడ ఉంది. నిలువుగా మూత్రపిండం వైపు పాకి, బొటనవేలంత లావై, కొస నల్లబడి, పగలడానికి సిద్ధంగా ఉంది.

"హా బఘా!" ఇదిగో చూడు, అన్నారు సర్జన్, చిన్నపిల్లవాడిలా. దాన్ని మొదట్లో కట్టి కోసి తీసి, చుట్టూ చేరిన మురికి బయటికి రావడానికి డ్రెయిన్ అనే రబ్బరు గొట్టం పెట్టి కుట్టారు. చేతులు కడుక్కుంటూ, "మగ్గం దిగలేదన్నావు, ఏమిటది?" అని అడిగారు. చెప్పాను. నవ్వలేదు. తర్వాత ఒక ఆదివారం మా పేటకు వచ్చి, కాక ఇంట్లోనే ప్యాంటు మడిచి గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని చూశారు. కాక స్వయంగా చాయ్ ఇచ్చాడు. నాకు ఇవ్వలేదు.

అంబదాసు బతికాడు. బక్కచిక్కి, గోడ పట్టుకుని నడిచి, మెల్లగా మనిషయ్యాడు. ఒకరోజు ఆ సందులో పోతూ ఆగి విన్నాను. మగ్గం కుంటడం లేదు. రెండుకాళ్ళ చప్పుడు, సమంగా, గట్టిగా పడుతోంది. అంతకంటే మంచి సర్టిఫికెట్ నాకు ఏ స్కూలూ ఇవ్వలేదు.

ఆ కేసు నాకు నేర్పింది ఇది. రోగి ఎక్కడ నొప్పి అంటున్నాడో అడగడంతో సరిపోదు. ఎలా ఉంటే నొప్పి తగ్గుతోందో అడగాలి, ఏ పని మానేశాడో, ఏ పని మానలేకపోతున్నాడో చూడాలి. కడుపు మెత్తగా ఉందని వదిలేయకూడదు. ఆనాటి నుంచి జ్వరంతో వచ్చిన ప్రతి నేతగాణ్ణీ "మగ్గం దిగబుద్ధి అయితలేదా?" అని అడుగుతాను. ఆ ప్రశ్న తర్వాత ఇంకొందరి ప్రాణాలు కాపాడింది. ఇదే సంగతి వైద్య సంఘానికి రాసి పంపితే జవాబు రాలేదు. అది వేరే ఫిర్యాదు.

ఈ ఫిర్యాదు మాత్రం నర్సయ్య కాక మీద. ఇన్నేళ్ళలో ఈ కథ ఆయన చావడిలో చెప్పగా నేను చాలాసార్లు విన్నాను. "అల్లుడు గుంటల్నుంచి లేస్తలేడంటె నాకు అప్పుడే షక్ వచ్చింది, ఇది ఉత్త కంబర్ నొప్పి కాదని, టాంగా కట్టిచ్చిన" అంటాడు. టాంగా ఉంటుంది, సర్జన్ తాగిన చాయ్ ఉంటుంది. ఆముదం ఉండదు, పందెం ఉండదు, నేనుండను. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. దగ్గుమందు మాత్రం నా దగ్గరే తీసుకుంటాడు. ఆయనకు చదువు రాదు, ఈ పత్రికను చావడిలో ఎవరో పైకి చదివితే వింటాడు. చదివే నాయనా, ఇక్కడ కాసేపు ఆగి తలెత్తి ఆయన వంక చూడు. కాకా, కోసినంక ఆడ ఉన్నదా, లేదా? ఉన్నది. గుంట నేను తవ్వలే. ఇప్పుడు నీ సుట్టు పదిమంది ఉన్నరు. నేను డాక్టర్నేనా, కాదా? చెప్పు.