వచ్చినోడికల్లా ఒక దుబాసీ

మా రేవులో చేపల వేలం నేనే పాడేవాణ్ణి. నా గొంతు లేస్తే సముద్రం వెనక్కి జరిగేదని చెబితే మా ఆవిడ ఒక్కతే నమ్మేది కాదు. రాజాం కాలేజీలో కంప్యూటర్లు చెప్పే మనిషి. ఫోన్లోనే వేలం జరిగే యాప్ రాస్తూ, పాట ఏ భాషలో ఉండాలని నన్నడిగింది. మా ఆనవాయితీ చెప్పాను: గుంపులోకి ఆఖర్న ఎవడొస్తే పాట వాడి భాషలోకి తిరగాలి. ఆమె సర్వర్లో మాటని భాష మార్చి చెప్పే ప్రోగ్రాం, ఒకే దుబాసీని పెట్టి, వచ్చినోడి భాషకల్లా వాణ్ణి తిప్పింది.

మొదటి రోజే బావ, అంటే మా అక్క మొగుడు, పడవ నిండా వంజరం తెచ్చాడు. ఒడియా షావుకారు తక్కువ ధరకి పాడాడు. బావ వద్దనడానికి పేజీ తెరిచేసరికి అదే క్షణాన షావుకారూ తెరిచాడు. బావ ఫోన్లో మీటలన్నీ ఒడియా అయిపోయాయి. బావ ఏదో ఒకటి గుడ్డిగా నొక్కాడు. పాట ఖాయమైంది, చేపలు షావుకారి లారీలో ఐసుపెట్టెల్లోకి ఎక్కేశాయి.

షావుకారే ఏదో చేశాడని బావ తెడ్డు తీశాడు. ఒక దెబ్బకి షావుకారి నుదురు చిట్లింది. ఇంకో దెబ్బకి పళ్ళు ఇసకలో రాలాయి. తర్వాతది నడినెత్తికి ఎత్తాడు. అది పడితే షావుకారు కాటికి, బావ జైలుకి. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగిన చప్పుడు అరసవల్లి దాకా వినిపించింది.

శ్రీకాకుళం ఆసుపత్రిలో నాకు కట్టు కడుతుంటే మా ఆవిడ లాప్‌టాప్ ముందేసుకుంది.

"ఫోన్లో ఉండేది ఒక్క మనిషి మావా, ఒక్క దుబాసీ సాల్తాడు. సర్వర్లో ఊరంతా ఉంటాది. వచ్చినోడికల్లా ఒక దుబాసీని ఇవ్వాల."

పక్క మంచం మీద షావుకారు పోలీసుల దగ్గరికి పోతానంటున్నాడు. గుమ్మంలో బావ, మోసగాణ్ణి చంపకుండా వదిలానని గొణుగుతున్నాడు. ఆమె కోడ్ మార్చి, ఇద్దరి చేతా ఒక్కసారే పేజీ తెరిపించింది. బావది తెలుగు, షావుకారిది ఒడియా. ఎన్నిసార్లు తెరిచినా ఎవరిది వారికే. బావ తల దించేశాడు.

షావుకారు మంచం దిగి బావ దవడ అదిరేలా ఒక్కటి పీకాడు. బావ నెత్తురు ఉమ్మేసి, ఇంకొకటి కొట్టమని రెండో చెంప చూపించాడు.

"సాలు, టేసనుకి పోను," అన్నాడు షావుకారు బోసినోటితో, మా రేవులో నేర్చుకున్న తెలుగులో. నా వైపు తిరిగాడు. "సేపలు దింపించేస్తాను. పాట మళ్ళీ పెట్టు."