అత్తా కోడలూ నీళ్ళోసుకున్న ఏడు

వారం క్రితం మా మరిది కూతురు ఫోనులో ఒక ఫోటో పంపింది. దానికి ఇప్పుడు ఏడో నెల. అమలాపురంలో వాళ్ళ మేడమీద కుర్చీలో కూర్చుని, కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వుతోంది. చుట్టాలందరూ దీవెనలు పంపారు, పువ్వుల బొమ్మలు పెట్టారు, ఎవరి పోలికో చెప్పుకున్నారు. నేను మాత్రం ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసుకుని దాని పాదాలు చూస్తూ ఉండిపోయాను. చెప్పు పట్టీ పక్కన కొంచెం ఉబ్బినట్టు కనిపించింది. అది ఎండ పడిన తీరో, నా కంటి మసకో తెలియదు. బీపీ చూపించుకున్నావా అని అడిగితే, చూశారు పెద్దమ్మా, బాగానే ఉందన్నారు అని జవాబు పెట్టింది. అయినా మనసు నిలవలేదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాను, పొయ్యి మీద పాలు పొంగబెట్టుకున్నాను, ప్రార్థనకి కూర్చుని మధ్యలో లేచిపోయాను. మర్నాడు పొద్దున్నే ఆటోలో రాజోలు, అక్కడినుంచి బస్సులో అమలాపురం వెళ్ళి, దాని చీలమండలు నా వేళ్ళతో నొక్కి చూసుకుంటేగానీ కుదుటపడలేదు. నొక్కిన చోట గుంట పడలేదు. దీనికోసం ఇంతదూరం వచ్చావా అని అది నవ్వింది. నవ్వదూ మరి, దాని నాన్న వాళ్ళమ్మ కడుపులో ఉన్న ఏడు మా ఇంట్లో ఏం జరిగిందో దానికెవరూ చెప్పలేదు.

మిషను హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, గోదావరి పాయ అవతల లంక ఊళ్ళోకి కోడలినై వచ్చాను. అత్తింట్లో అందరూ కూలికి వెళ్ళేవారే. ఊడ్పుల్లో ఊడ్పులు, కోతల్లో కోతలు, మిగిలిన రోజుల్లో కొబ్బరి పీచు పని. మావారు పెద్దకొడుకు. ఆయన పుట్టేనాటికి అత్తగారికి పట్టుమని పదహారేళ్ళు లేవట, కాబట్టి నేను కాపురానికి వచ్చేసరికి ఆవిడకి ఇంకా నలభై రాలేదు. బొద్దుగా, బలంగా, నవ్వితే వీధి చివరిదాకా వినిపించేలా ఉండేవారు.

పెళ్ళయిన రెండో ఏడు నేను నీళ్ళోసుకున్నాను. ఆ రోజుల్లో ఇనుము మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందనీ, బలం మందులు తాగితే తలకాయ పెద్దదై కాన్పు కష్టమవుతుందనీ కోడళ్ళని కదలనిచ్చేవారు కాదు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా అత్తగారు అలాంటి మనిషి కాదు. నర్సమ్మగారు చర్చి వెనక పెంకుటింటి అరుగు మీద కూర్చునే రోజున, పనికి నాగా పెట్టుకుని మరీ నన్ను కాలవగట్టు వెంట నడిపించుకు వెళ్ళేవారు. నన్ను లోపలికి పంపి తాను మిగతా అత్తగార్లతో పాటు చూరు కింద కూర్చునేవారు. తిరిగి వచ్చేటప్పుడు సూది నొప్పి పుట్టిందా, ఏం చెప్పారు, బిడ్డ కదులుతోందన్నారా అని దారి పొడుగునా అడిగేవారు. పరాయింటి పిల్లనైన నా మీద ఇంత ఆపేక్ష ఏమిటా అని పొంగిపోయేదాన్ని. ఆవిడ ఆ ప్రశ్నలు సగం తనకోసం అడుగుతున్నారని నాకప్పుడు తోచలేదు.

తోచిన రోజు బాగా గుర్తుంది. ఎండుచేపల కూర వండుతుంటే వాసన పడక నేను పెరట్లోకి పరుగెత్తాను. అక్కడ కొబ్బరిచెట్టు మొదట్లో నాకంటే ముందే అత్తగారు వంగి ఉన్నారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆవిడ పైట చెంగుతో మూతి తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నారు.

"నవ్వుతారే అమ్మాయ్. కోడలు నీళ్ళోసుకున్న ఇంట్లో అత్తక్కూడానా అని పంపు దగ్గర చెప్పుకుని మరీ నవ్వుతారు. మీ మావయ్య సంఘంలో తలెత్తుకోలేరు. ఈ మాట నీ నోట్లోంచి బయటికి రాకూడదు."

రానివ్వలేదు. కానీ ఆ రోజునుంచీ నాకు నిద్ర పట్టేది కాదు. ఆవిడ నడుముకి తువ్వాలు బిగించి కట్టుకుని పనికి వెళ్తుంటే, బిగిసింది నా కడుపేనేమో అన్నట్టు ఊపిరాడేది కాదు. నాకిచ్చిన మాత్రల్లో సగం ఆవిడకి ఇచ్చేదాన్ని. ఆవిడ అవి తలుపు వెనక నిలబడి మింగేవారు. మాత్రలు అయిపోయాయని ముందే వెళ్ళి అడిగితే నర్సమ్మగారు నా మొహంలోకి చూశారు, చూరు కిందికి చూశారు. ఎవరు మింగుతున్నారమ్మా అని అడగలేదు. పొట్లం ఇచ్చి పంపేశారు.

మళ్ళీ మేము వెళ్ళినరోజు నర్సమ్మగారు బీపీ మిషను పట్టుకుని అరుగు దిగి బయటికి వచ్చారు.

"ఈ నెలనుంచి కొత్త పద్ధతండీ. కోడళ్ళని తీసుకొచ్చిన అత్తగార్లక్కూడా చూస్తాను. వరసగా కూర్చోండి."

"మాకెందుకండీ, మేవేం నీళ్ళాడాలా, పురుడు పోసుకోవాలా?" అంది మా పక్కింటి ముసలావిడ. అందరూ పకపకా నవ్వారు. మా అత్తగారూ నవ్వారు, అందరికంటే గట్టిగా.

వరసలో ఆవిడ వంతు వచ్చింది. నర్సమ్మగారు ఒకసారి చూసి, పట్టీ విప్పి, మళ్ళీ కట్టి చూశారు. మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా పక్కావిడకి కూడా చూసి, అందరూ వెళ్ళేదాకా ఏదో వంకన మమ్మల్ని ఆపారు. అప్పుడు మెల్లగా చెప్పారు. రక్తపోటు చాలా ఎక్కువగా ఉందనీ, కాళ్ళకి నీరు దిగిందనీ, రాజోలు వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకోవాలనీ, ఇలాగే వదిలేస్తే గుర్రపువాతం వస్తుందనీ. గుర్రపువాతం అంటే ఏమిటో లంకలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఫిట్సు వచ్చి తల్లీ బిడ్డా ఒక్కసారే పోయిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. అత్తగారు తల దించుకుని, "ఆయ్, అలాగేనండీ, ఊడ్పులయ్యాక వెళ్తానండీ" అన్నారు.

ఊడ్పులు అవుతుంటే ఆవిడ కాళ్ళు ఇంకా ఉబ్బాయి. పొద్దున్న లేవగానే ముందు ఆవిడ పాదాలు చూసేదాన్ని, ఆ తరువాతే దేవుణ్ణి తలుచుకునేదాన్ని. మావారితో చెబుదామంటే, తల్లి కడుపు సంగతి కొడుకుతో ఏ నోటితో చెప్పను? మామయ్యగారు ఎదురుపడితే చాలు తల తిప్పుకుని వెళ్ళిపోయేవారు. నేను నిలబడ్డచోట నిలవలేక, కూర్చున్నచోట కూర్చోలేక తిరుగుతుంటే, తొలిచూలు కదా అని ఊళ్ళో వాళ్ళు సర్దిచెప్పేవారు.

ఒకరోజు అన్నం తీసుకుని చేలోకి వెళ్ళేసరికి, ఆడవాళ్ళంతా వరసగా వంగి నాట్లు వేస్తున్నారు, అత్తగారొక్కరే గట్టు మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నారు. కళ్ళముందు మిణుగురులు ఎగురుతున్నట్టుందే అన్నారు. పట్టపగలు. నేను అన్నం గిన్నె కింద పెట్టి, చేనంతా వినబడేలా అరిచాను.

"మా అత్తగారు వట్టి మనిషి కాదండీ. ఏడో నెల వెళ్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్ళాలండీ."

వంగిన నడుములన్నీ లేచాయి. అత్తగారు చెంగు మొహం నిండా కప్పుకున్నారు. నేను భయపడ్డ నవ్వు వస్తుందేమోనని చూశాను, రాలేదు. అందరికంటే ముందు, ఆ రోజు నీళ్ళాడాలా అని నవ్వించిన పక్కింటి ముసలావిడే చేతిలో నారు పడేసి, ఆ బురద చేతులతోనే వచ్చి అత్తగారి భుజం కింద చెయ్యి వేసింది. "లెగమ్మా, లెగు, సిగ్గు తరవాత పడుదువుగాని" అంది. చేలో మకాం పాకలోంచి మంచం తెచ్చి దానిమీద పడుకోబెట్టి రేవుదాకా మోశారు. పడవ సగం దాటేసరికి ఆవిడ పళ్ళు బిగిశాయి, ఒళ్ళు కొయ్యబారి కొట్టుకోసాగింది. ముసలావిడ పక్కకి తిప్పి పట్టుకుంది. ఆ కాసేపు నేను నా కడుపులో బిడ్డని కూడా మరిచిపోయాను.

ఆసుపత్రి వరండాలో నన్ను కూర్చోమంటే లేచేదాన్ని, లేస్తే మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళేదాన్ని. మామయ్యగారు వచ్చి, చుట్టూ ఎంతమంది ఉన్నారో చూసుకోకుండా ఏడ్చారు. పొద్దు వాలేవేళకి డాక్టరమ్మగారు బయటికి వచ్చి, ఇద్దరూ బతికారని చెప్పారు. మగపిల్లాడు. దూదిలో చుట్టి చూపిస్తే, అరచేతికి కాస్త ఎక్కువ, అంతే. వాడే మా చిన్న మరిది.

తరువాత నేను ఆడపిల్లని కన్నాను. అత్తగారికి పాలు చాలక వాడికీ నేనే పాలిచ్చాను. ఊళ్ళో కొన్నాళ్ళు నవ్వుకోకపోలేదు, కానీ ఎవరి ముందూ ఆవిడ తల దించలేదు. పిల్లలిద్దరికీ సూదులు వేయించడానికి ఒకణ్ణి నేనూ ఒకతెని ఆవిడా ఎత్తుకుని వెళ్ళేవాళ్ళం. దారిలో ఏ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల కనిపించినా, ఆ పిల్లనీ వాళ్ళ అత్తనీ కూడా బయలుదేరదీసేవారు. నాలాగా దాచుకోకండర్రా అని ఆవిడే చెప్పేవారు. ఆ నర్సమ్మగారు ఉన్నన్నాళ్ళూ చూరు కింద అత్తగార్ల వరస ఉంది. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు బీపీ మాత్రలు కూడా మొదలుపెట్టారు, మా అత్తగారితో సహా.

నర్సమ్మగారికి బదిలీ అయింది. తరువాత వచ్చిన నర్సు మంచిపిల్లే, కానీ కడుపుతో ఉన్నవాళ్ళనీ పసిబిడ్డలనీ చూడటంతోనే ఆ పిల్లకి పొద్దుపోయేది. చూరు కింద కూర్చున్నవాళ్ళ దగ్గరికి మిషను రాలేదు. వాళ్ళూ అడగలేదు. నాకింకేవుందే, కడుపా కాన్పా అని అత్తగారు మాత్రలు మానేశారు. నేను పోరేదాన్ని, రాజోలు వెళ్దాం రమ్మనేదాన్ని, నవ్వేసేవారు. పిల్లల సూదులు ఒక్కటీ తప్పనివ్వని మనిషి, మనవరాళ్ళ పురుళ్ళకి ఆసుపత్రి బెంచీల మీద పడుకున్న మనిషి, తన జబ్బుకి మాత్రం రేవు దాటలేదు. ఒక ఉదయం పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆ మంచం మీదే నాలుగేళ్ళు ఉండి వెళ్ళిపోయారు. నోట మాట సరిగ్గా రాకపోయినా నాకు మాత్రం అర్థమయ్యేలా, నువ్వు మాత్రలు మానకే అనేవారు, అప్పటికి నాకూ బీపీ మాత్రలు మొదలయ్యాయి. నేను మానలేదు.

అమలాపురం నుంచి తిరిగి వస్తుంటే బస్సులో ఇదంతా మనసులో తిరిగింది. మా మరిది కూతురికి నెలనెలా పరీక్షలు, స్కానింగులు. ఫోను చేస్తే గుమ్మంలోకి అంబులెన్సు వస్తుంది. పడవ దాటే పనే లేదు. కడుపుని తువ్వాలుతో బిగించుకోవడం పోయి ఫోటో తీసి పదిమందికీ పంపుకుంటున్నారు, అంతకంటే ఏం కావాలి? అయితే మొగుడి బండి మీద వెళ్ళి, చూపించుకుని, చప్పున తిరిగి వచ్చేస్తారు. కాలవగట్టు మీద పక్కపక్కనే నడుస్తూ, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని మాట ఏదో ఒక మలుపులో బయటపెట్టుకోవడానికి ఇప్పటి ఆడపిల్లలకి తోడు ఎవరున్నారో నాకు తెలియడం లేదు. కాన్పయ్యాక తన ఒంటి సంగతి తాను పట్టించుకోమని ఆ పిల్లకి చెప్పాలనుకుని, దాని నవ్వు చూసి చెప్పకుండానే వచ్చేశాను. రేపు మళ్ళీ వెళ్ళాలి.